రెండుసార్లు తడితే చాలు

మొదటి రోజే ఆమె పరుపు మీద నిద్రపోయింది.

తప్పంతా ఆమెది కాదు. జూడో మాస్టారు అందరినీ వెల్లకిలా పడుకోమన్నాడు. గడ్డం ఎదకు ఆనించి, చేతులు రెండు పక్కలకీ చాపి, తను చెప్పినప్పుడు అరచేతులతో పరుపును చరచమన్నాడు. తెల్లారి ఆరింటి నుంచి ఆసుపత్రి క్యాజువాలిటీలో నిలబడే ఉన్న మనిషిని సాయంత్రం అయిదింటికి పడుకోమంటే, ఆ తర్వాత చెప్పేవి చెవికెక్కుతాయా? పదకొండు మంది పరుపును చరుస్తున్న చప్పుడు ఆమెకు జోకొట్టినట్టే ఉంది.

కళ్ళు తెరిచేసరికి అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ముఖంలోకి వంగి చూస్తున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆమె చెయ్యి దానంతటదే అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఉండాల్సిన దానికంటే వేగంగా ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అంది సగం నిద్రలో.

"మీరు పిలిస్తే పలకనప్పట్నుంచి" అన్నాడతను.

పదకొండు మందీ నవ్వారు. ఆమెకు సిగ్గేసింది. సిగ్గేస్తే కోపం రావడం ఆమెకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

"పడిపోకుండా ఎలా ఉండాలో నేర్చుకుందామని వచ్చానండీ. మీరేమో వచ్చిన దగ్గర్నుంచీ పడమంటున్నారు."

"పడటం రానివాళ్ళకి నిలబడాలన్నా భయమేనండీ" అన్నాడు తాపీగా. "అయినా పడుకోవటంలో మీరు అందరికంటే ముందున్నారు. అంతవరకూ మంచిదే."

ఆసుపత్రిలో ఆమెకు 'ఫర్వాలేదు సిస్టర్' అని పేరు. డ్యూటీ అయ్యాక ఇంకో నాలుగు గంటలు ఉంటావా అంటే ఫర్వాలేదు. టీ చల్లారిపోయిందంటే ఫర్వాలేదు. రెండు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, రోగుల్ని చూడటానికి వచ్చేవాళ్ళని లోపలికి వదిలే పన్నెండు గంటల వేళ, ఎవరి తాలూకు మనిషో ఆమె కుడి మణికట్టు పట్టుకుని గోడకేసి నెట్టాడు. అప్పుడు కూడా ఆమె లేచి, చెదిరిన మందుల ట్రాలీ సర్దుకుని, అడిగినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది.

వాపు వారంలో తగ్గింది. కానీ అప్పట్నుంచి పన్నెండయ్యేసరికి ఆ చెయ్యి వణుకుతోంది. ఎంత సన్నని నరాన్నయినా తడిమి పట్టుకుని సూది వేసే చెయ్యి అది. క్యాజువాలిటీ అంటే ఆమెకు ప్రాణం. చెయ్యి వణికే నర్సుకి అక్కడేం పని? అందుకే తనను రికార్డుల గదికి మార్చమని ఒక అర్జీ రాసుకుని, తారీఖు వెయ్యకుండా బ్యాగులో పెట్టుకుంది. ఒక్కో రోజు దాన్ని తీసి చూసుకునేది. ఆ గదిలో ఫైళ్ళు ఉంటాయి. ఫైళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోవు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టర్ పిలిచి కొత్త పని అప్పజెప్పింది. సిబ్బందికి ఆత్మరక్షణ నేర్పించాలని పైవాళ్ళు అనుకున్నారట. కరాటే, బాక్సింగ్, జూడో నేర్పే ముగ్గురు ముందుకొచ్చారట. మన పనికి ఏది పనికొస్తుందో ఆరు వారాలు మూడూ నేర్చుకుని రిపోర్టు రాయాలట. దెబ్బ తిన్నదానివి నువ్వే కాబట్టి నీకే తెలుస్తుంది అంది పెద్ద సిస్టర్. ఆమె ఏమందో చెప్పక్కర్లేదు.

ముగ్గురూ నేర్పేది ఒకే పాత గోడౌనులో. వారంలో రెండేసి రోజులు ఒక్కొక్కరిది. జూడో మాస్టారు పగలు లిఫ్టులు రిపేరు చేస్తాడు. చేతికి గ్రీజు, కుడి మోకాలికి పట్టీ, కళ్ళ కింద నలుపు. గోడౌను తాళాలూ పరుపులూ అతని జిమ్మాలోనే ఉంటాయి కాబట్టి రోజూ వస్తాడు. అందరూ 'పరుపుల మాస్టారు' అంటారు. కరాటే నేర్పే తెల్లమీసాలాయన అతనికి సొంత మేనమామ. మామా అల్లుళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఏ విద్య గొప్పదని పదిహేనేళ్ళుగా కంచాల దగ్గర కూర్చుని వాదించుకుంటారు.

"ఒక్క దెబ్బ పడిందా, గొడవ అయిపోతుందమ్మా" అని మామయ్య ఆమెకు చెప్పేవాడు.

"తగలకపోతే అక్కణ్ణుంచే మొదలవుతుంది" అని అల్లుడు మూలనుంచి అందించేవాడు, చిరిగిన పరుపు కుట్టుకుంటూ.

కరాటేలో ఆమెకు వచ్చిన చిక్కు వేరు. డొక్క కింద ఎక్కడ కొట్టాలో మామయ్య చూపించాడు. ఆమె చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. అక్కడ కాలేయం ఉంటుంది మాస్టారూ అంది. ఆయన నుదురు కొట్టుకుని, పోనీ గొంతయినా వాడు, ఆత్మరక్షణలో సగం గొంతే అన్నాడు. గట్టిగా అరవమంటే ఆమె నోట్లోంచి గుసగుస వచ్చింది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద నాలుగేళ్ళు బతికిన గొంతు మరి.

బాక్సింగ్ నేర్పే అక్క పగలు టైలరు. కాళ్ళు ఎలా కదపాలో, ఎదుటివాడి చేతికి అందకుండా ఎంత దూరంలో ఉండాలో కొలత తీసినట్టు చెప్పేది. అదంతా బాగానే వచ్చింది. కానీ రెండో వారం ఎదురుగా ఉన్న అమ్మాయి ముక్కులోంచి ఒక్క చుక్క రక్తం కారేసరికి, ఫర్వాలేదు సిస్టర్ గ్లవ్స్ పీకి పారేసి, ఆ పిల్లను ముందుకు వంచి, ముక్కు నొక్కి పట్టుకుని పది నిమిషాలు వదల్లేదు. ఆ రోజు క్లాసు అంతటితో సరి.

జూడోలో మాత్రం ఆమెకు కిటుకు తెలిసింది. మనిషి బరువు ఎటు మొగ్గుతుందో ఆమెకు చూస్తే తెలుస్తుంది. రోజుకి పాతిక మందిని స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చేది ఆమే కదా. పరుపుల మాస్టారిని మూడోసారికే గాల్లోకి లేపేసింది. అయితే లేపాక ఆమె రెండో చెయ్యి అతని మెడ కిందికి వెళ్ళిపోయేది. ఆమె విసిరిన మనిషి పరుపు మీద పడేవాడు కాదు, పడుకునేవాడు.

"మీరు నన్ను విసరటం లేదండీ" అన్నాడు అతను పడుకునే. "అడ్మిట్ చేస్తున్నారు."

"తలకి తగిలితే?"

"తగలదు. అందుకే కదా రెండు వారాలు పడటం నేర్చుకున్నాం."

"మీరు నేర్చుకున్నారు. నా చెయ్యి నేర్చుకోలేదు" అంది.

అతను నవ్వాడు. నవ్వితే కళ్ళ కింది నలుపు కాస్త తగ్గుతుందని ఆమె గమనించింది. గమనించినందుకు తన మీద తనకే విసుగేసింది. నిద్ర చాలని మనిషికి ఇలాంటివన్నీ ఎందుకు?

నాలుగో వారంలో పట్లు మొదలయ్యాయి. అతను చెప్పిన నియమం ఒకటే. నొప్పి పుడితే అవతలి మనిషినో, పరుపునో రెండుసార్లు తట్టాలి. తట్టగానే ఎవరైనా సరే వదిలెయ్యాలి. అందులో ఓటమీ లేదు, సిగ్గూ లేదు.

అతను ఆమె మోచేతికి పట్టు వేసి మెల్లగా బిగించాడు. ఆమె తట్టలేదు. ఇంకాస్త బిగించాడు. ఆమె పైకప్పు రేకుల వైపు చూస్తోంది. హఠాత్తుగా అతనే వదిలేసి లేచి కూర్చున్నాడు.

"నొప్పి పుట్టిందా?"

"ఫర్వాలేదు."

"నేనడిగింది అది కాదండీ. పుట్టిందా?"

"పుట్టింది."

"ఎప్పుడు?"

"మొదట్లోనే."

అతని ముఖం పాలిపోయింది. "ఇంకొక్క క్షణం పట్టుంటే కీలు తప్పేది. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరు అడగరు, చెప్పరు. ఎదుటివాళ్ళకి మీ నొప్పి కనిపెట్టే ఎక్సురే ఉందా?"

అందరి ముందూ అన్నాడు. ఆమె బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. నడిచి ఎంతదూరం వెళ్ళగలదు? బయట వాన. గోడౌను ముందున్న రేకు కింద ఆగిపోవాల్సి వచ్చింది. వాన కూడా ఆ రోజు ఓవర్‌టైమ్ చేస్తున్నట్టు కురుస్తోంది, హడావిడి లేకుండా, ఇప్పట్లో ఇంటికెళ్ళే ఆశ లేకుండా.

క్లాసు అయ్యాక అతను చుట్టిన పరుపొకటి తెచ్చి రేకు కింద వేశాడు. కూర్చోమన్నాడు. తనూ ఓ చివర కూర్చుని మోకాలి పట్టీ విప్పుకున్నాడు. అందరి ముందూ అనడం తప్పేనన్నాడు. ఈ మోకాలు ఇలా కావడానికి కారణం అవతలివాడు కాదని, పోటీలో అంతమంది చూస్తుండగా తట్టడానికి నామోషీ అనిపించి తనే ఊరుకున్నాడని చెప్పాడు. అప్పట్నుంచి ఎవరైనా తట్టకపోతే తనకి భయమని కూడా చెప్పాడు. పొద్దున్నుంచీ తొమ్మిది అంతస్తుల బిల్డింగులో లిఫ్టు తాళ్ళు మార్చి వచ్చానని చెబుతూ చెబుతూ, ఆ మాట పూర్తి కాకుండానే గోడకి తల ఆనించి నిద్రపోయాడు.

ఆమె లేపలేదు. ఆమె ఎక్కాల్సిన బస్సొచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. ఊరికే కూర్చుంటే ఏం తోచక అతని మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. నిదానంగా, నమ్మకంగా కొట్టుకుంటోంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇతనంటే నాకు ఇష్టం అనుకుంది. అనుకున్నాక ఒళ్ళంతా ఉన్న అలసట పోలేదు కానీ, ఆ అలసటకి పక్కన చోటు దొరికినట్టయింది.

అయిదో వారంలో ఆసుపత్రి లిఫ్టు మొరాయించింది. బాగుచెయ్యడానికి ఎవరొచ్చారో ఊహించనక్కర్లేదు. క్యాజువాలిటీ గుమ్మానికి ఎదురుగానే లిఫ్టు. అతను స్పానరు పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమండీ, ఆ బల్ల అక్కడ ఎవరు పెట్టారు?"

నర్సు కూర్చునే బల్ల గది మూలకి ఉంది. వెనక గోడ, పక్కన ఆక్సిజన్ సిలిండర్లు. వచ్చినవాళ్ళు బల్ల ముందు నిలబడితే, బయటికి పోయే ఒక్క దారీ మూసుకుపోతుంది.

"నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. ఫర్వా..." అని ఆగిపోయింది.

"మా మామయ్య దెబ్బ నేర్పినా, నేను పట్టు నేర్పినా, పారిపోవడానికి దారి లేని చోట ఏ విద్య ఏం చేస్తుందండీ? తలుపు మీ వెనక ఉండాలి, వాళ్ళ వెనక కాదు" అన్నాడు. లిఫ్టు గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆమె ఆ రోజంతా ఆలోచించింది. మర్నాడు పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి, బల్ల తిప్పించాలి అంది. పన్నెండింటికి తనొక్కర్తే ఉండలేనని, ఆ గంటా ఇంకొకరు తోడుండాలని కూడా అంది.

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసింది. "నాలుగేళ్ళలో నువ్వు నన్ను ఏదైనా అడగటం ఇదే మొదలు." తర్వాత మెల్లగా, "అన్నట్టు, ఈ ఆసుపత్రిలో కాలు పెట్టిన ప్రతివాడూ నిన్ను సిస్టర్ అంటాడు. ఆ లిఫ్టు మనిషి మాత్రం ఏమండీ అంటాడేమిటి?" అంది.

ఆమె బల్ల సంగతే మాట్లాడింది. బల్ల అయిదు నిమిషాల్లో తిరిగింది. అయిదు నిమిషాల పనికి నాలుగేళ్ళు పట్టింది.

తోడుగా ఉండే మనిషి మాత్రం వచ్చే వారానికి గానీ దొరకదన్నారు. ఆ లోపలే, ఆరో వారం మంగళవారం పన్నెండు గంటలప్పుడు, ఒక మనిషి అరుచుకుంటూ వచ్చాడు. అతని భార్యను గంట క్రితం లోపలికి తీసుకెళ్ళారు, ఎవరూ ఏమీ చెప్పటం లేదు. ఆమె కనుక్కుని చెబుతానని లేచింది. అతను చటుక్కున ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. అదే చెయ్యి, అదే వేళ.

ఎదురుగా లిఫ్టు ఆఖరి పరీక్ష చేస్తున్న మాస్టారు స్పానరు వదిలేసి ముందుకు వచ్చాడు. ఆమె చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నొప్పి పుడుతోంది. వదలండి" అంది.

గుసగుస కాదు. కారిడార్ చివరిదాకా వినిపించింది. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అది మామయ్య నేర్పిన గొంతు. ఒక అడుగు వెనక్కి వేసింది, టైలరు అక్క కొలిచి ఇచ్చిన అడుగు. వెనక ఇప్పుడు గోడ లేదు, తలుపుంది. ఆ మనిషి లాగాడు. అతని బొటనవేలి సందువైపు చెయ్యి తిప్పి విడిపించుకుంది. లాగిన బరువుకి అతనే తూలి వెనక్కి పడబోయాడు. అప్పుడు ఆమె రెండో చెయ్యి, ఎవరెంత చెప్పినా నేర్చుకోని ఆ చెయ్యి, అతని మెడ కిందికి వెళ్ళింది. మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ మనిషి కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఆమె మంచినీళ్ళిచ్చి, లోపలికెళ్ళి కనుక్కొచ్చి, గండం గడిచిందని చెప్పింది. తర్వాత ఇద్దరికి సూదులు వేసింది. చెయ్యి నిలకడగానే ఉంది. ఒంటిగంటకి అందరూ వెళ్ళిపోయాక లిఫ్టు పక్కనున్న మెట్ల మీద కూర్చుంది. అప్పుడు మొదలైంది వణుకు, ఒక్క చెయ్యి కాదు, నిలువెల్లా.

అతను వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె అతని మోచేతి మీద రెండుసార్లు తట్టింది.

"నేనేమీ పట్టుకోలేదండీ" అన్నాడు కంగారుగా.

"తెలుసు. నాకు చాలా అలసటగా ఉంది. భయమేసింది కూడా. ఎవరికైనా చెప్పాలనిపించింది."

"చెప్పారు కదా" అన్నాడతను. "ఇక కూర్చోండి. లిఫ్టు ఇంకో అరగంట పనిచెయ్యదు."

లిఫ్టు అప్పటికే బాగైపోయింది. ఆ అరగంటా ఆసుపత్రిలో అందరూ మెట్లెక్కే వెళ్ళారు, వాళ్ళిద్దర్నీ చూసుకుంటూ.

శనివారం ఆమె రిపోర్టు ఇచ్చింది. ఒకే కాగితం. మా పని రెండు మంచాల మధ్య రెండడుగుల చోటులో, అక్కడ కాలెత్తి తన్నే వీలు లేదు. వచ్చేది శత్రువు కాదు, భయపడిన మనిషి, కాబట్టి కొట్టే అవసరం దాదాపు రాదు అని రాసింది. కరాటే నుంచి గొంతు, బాక్సింగ్ నుంచి అడుగులు, జూడో నుంచి పట్టు విడిపించుకోవడం, పడటం నేర్పితే చాలంది. ఈ మూడింటికంటే ముందు ప్రతి వార్డులో బల్ల తిప్పమంది. నొప్పి పుడితే చెప్పడం కొత్తగా చేరే ప్రతి నర్సుకీ మొదటి రోజే నేర్పాలని ఆఖరి వాక్యం.

పెద్ద సిస్టర్ చదివి కాగితం తిరగేసింది. వెనక వైపు, రికార్డుల గదికి మార్చమన్న అర్జీ. తారీఖు లేదు.

"ఇదేమిటి?"

"అది చిత్తు కాగితం, సిస్టర్" అంది ఆమె.

ఆ సాయంత్రం గోడౌనులో మామయ్య కాచుకుని ఉన్నాడు. ముగ్గురిలో ఎవరిది గొప్పదని రాశావమ్మా అని అడిగాడు. బల్లది అని చెబితే ఆయన చాలాసేపు మీసం సవరించుకున్నాడు. పదిహేనేళ్ళ వాదన ఒక బల్ల గెలుచుకుపోవడం ఆయనకు మింగుడుపడలేదు.

ఆ రోజు జూడో క్లాసు లేకపోయినా ఆఖరిసారి ఒక్క పట్టు అన్నాడు అల్లుడు. ఆమె అతణ్ణి లేపింది, తిప్పింది, మామూలుగానే తల కింద చెయ్యి పెట్టి పడుకోబెట్టింది. అతను లేవలేదు. పరుపు మీద రెండుసార్లు తట్టాడు.

"నొప్పా?" అంది ఆమె వెంటనే. "ఎక్కడ?"

"నొప్పి కాదు. చెప్పటానికి. మీరే కదా మొన్న అలా తట్టి చెప్పారు."

"ఏం చెప్పాలి?"

"ఓడిపోయానండీ. మొదటి రోజు మీరు నాడి చూశారే, అప్పుడే. ఆరు వారాలుగా తట్టకుండా ఓర్చుకుంటున్నాను. మోకాలు పోగొట్టుకున్నా బుద్ధి రాలేదు చూడండి." ఊపిరి తీసుకున్నాడు. "మీరు సరేనంటే, మనిద్దరం కలిసి అలసిపోదామండీ. విడివిడిగా ఎందుకు?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫర్వాలేదు అనబోయి, మానేసి, "సరే" అంది.

గోడౌను అవతలి సగంలోంచి మామయ్య గొంతు వినిపించింది. "వాడు తట్టాడమ్మా, నియమం ప్రకారం వదిలెయ్యాలి. లేదంటే ఇంటికి తీసుకెళ్ళి ఏలుకో, నాకు అభ్యంతరం లేదు. కంచం దగ్గర వాదించడానికి నాకూ మూడో మనిషి కావాలి." అని తన క్లాసు మొత్తాన్ని గోడవైపు తిరగమన్నాడు.

ఆమె చెయ్యి ఇంకా అతని మెడ కిందే ఉంది. నియమం ఆమెకూ తెలుసు. అయినా వదల్లేదు.